నట్టు పైనే ఉంది

నాకు నోరెక్కువని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. వదిన నోట్లో నువ్వుగింజ నానదని మా మరదలు నా ముందే అంటుంది. అలాంటిదాన్ని, ఒక్క మాట మాత్రం నాలుగు నెలలపాటు కడుపులో దాచుకున్నాను. ఏది దాచాలో ఏది దాచకూడదో తెలియనప్పుడు ఎంత నోరున్నా దండగే. ఈ ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఇప్పుడు ఆ సంగతే తలుచుకుంటున్నాను.

మాది చేపల్ని గడ్డకట్టించి ఓడల మీద పరదేశాలకు పంపే ఫ్యాక్టరీ. అందులో సరుకు తనిఖీ నాది. పెట్టెలు కంటైనర్లోకి ఎక్కుతున్నప్పుడు తలుపు దగ్గర నిలబడి, చేపకి బెజ్జం వేసి సూది గుచ్చి, చలి ఎంతుందో చూస్తాను. మైనస్ పద్దెనిమిదికి ఒక్క గీత ఇటు వచ్చినా పెట్టె వెనక్కి పంపేస్తాను. అందుకే వెనకాల నన్ను మంచుగడ్డ అంటారు. ఎదురుగా మేడమ్ అంటారు. రెండూ నాకు వినబడతాయి.

నాకు పని నేర్పింది మా ముసలి మెకానిక్కు. ఇప్పుడు లేడు. ఆయనకో అలవాటుండేది. చిన్న స్టీలు డబ్బాలో నీళ్లు పోసి గడ్డకట్టించి, ఆ గడ్డ మీద ఒక ఇత్తడి నట్టు పెట్టి, జారిపోకుండా చుక్క నీటితో అంటించేవాడు. సరుకంతా ఎక్కాక ఆ డబ్బాని తలుపు దగ్గరి చివరి పెట్టె మీద పెట్టి సీలు వేయించేవాడు.

"కంటైనర్ మీద వెలిగే అంకె అబద్ధం చెప్పొచ్చు. కాగితం మీద రాసే అంకె ఎలాగూ చెబుతుంది. గడ్డ కరిగిందా, నట్టు మునుగుతుంది. మళ్లీ గడ్డకట్టినా అది అడుగునే ఉంటుంది. మునిగిన నట్టు తనంతట తాను పైకి రాదమ్మా" అనేవాడు.

ఆయన పోయాక డబ్బా పెట్టే పని నాకు వచ్చింది. ఏ రూలు పుస్తకంలోనూ లేదుగానీ, మా మేనేజరు దగ్గర్నుంచి యార్డులో హమాలీ దాకా అందరూ దాన్నే నమ్ముతారు. ఎవరు తలుపు తీసినా ముందు డబ్బాలోకే తొంగి చూస్తారు. నట్టు పైనే ఉందా? ఉంది. అయితే సరే.

ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు. "ఏ చేపైనా చెడితే ముక్కు చెప్పేస్తుంది. ఈ ఎర్రకండ చేప మాత్రం వేరు. రెండు రోజులు వేడి తగిలి మళ్లీ గడ్డకట్టిందనుకో, దాంట్లో విషం పుట్టి ఉంటుంది. వాసన రాదు. రుచి మారదు. ఉడకబెట్టినా పోదు. ముక్కునీ నాలుకనీ పొయ్యినీ మూడింటినీ మోసం చేసే చేప అదొక్కటే." ఆయన ఈ మాట చెప్పిన రోజు మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

మా తమ్ముడు రేవు యార్డులో పని చేస్తాడు. ఓడ వచ్చేదాకా చలి కంటైనర్లన్నీ అక్కడ వరసలుగా ఉంటాయి. వాటికి ప్లగ్గులు పెట్టడం, ఆరు గంటలకోసారి చుట్టూ తిరిగి ఒక్కోదాని మీద అంకె చూసి అట్టకి తగిలించిన కాగితం మీద రాయడం వాడి పని. నాలుగు వందల కంటైనర్లు ఒకేసారి మోగుతుంటాయక్కడ. ఆ హోరులో వాడికి సగం చెవుడొచ్చింది. మిగతా సగం పెళ్లాం మాట వినకుండా ఉండటానికి తెచ్చిపెట్టుకున్నదని మా మరదలి అనుమానం.

యార్డు వాళ్లకి ఒక వాటా ఉంది. కాగితాల్లో తేడా వచ్చి అవతలి దేశం నుంచి సరుకు తిరిగొస్తే, తలుపు దగ్గరి మొదటి రెండు పెట్టెలు తలుపు తీసినవాళ్లవి. తలుపు వాటా అంటారు. ఎవరూ ఇవ్వరు, ఎవరూ కాదనరు. మా తమ్ముడింట్లో ద్రాక్షపళ్లయినా, వెన్నయినా, పేరు పలకడానికి నోరు తిరగని పరదేశపు పళ్లయినా అన్నీ అలా వచ్చినవే.

వాటిని ఎక్కువ తినేది నా మేనకోడలు. ఆరేళ్లు. పిడుగు అంటాం. దానికి పుట్టినప్పటినుంచీ ఉబ్బసం. మందు పీల్చుకునే గొట్టం దారం కట్టి మెళ్లో వేసుకుని తిరుగుతుంది, గొలుసేసుకున్నంత దర్జాగా. ఊపిరి అందినంతసేపు మాట్లాడుతూనే ఉంటుంది. మాట ఆగిందంటే మాకు గుండెల్లో రాయి పడుతుంది.

నాలుగు నెలల కిందట ఒక గురువారం సాయంత్రం దాని మాట ఆగింది. ఇదే ఆసుపత్రికి తీసుకొచ్చాం. శుక్రవారం నుంచి వరసగా నాలుగు రోజులు సెలవులు, ఎండలు మండిపోతున్నాయి. నేనూ తమ్ముడూ మరదలూ ఇదే బల్ల మీద వంతులేసుకుని కూర్చున్నాం. యార్డుకి ఆ సెలవులేవీ లేవు, తమ్ముడు పెట్టుకోవడానికి సెలవు ఒక్కటి కూడా మిగల్లేదు. అన్నీ పిడుగు ఆయాసానికే అయిపోయాయి. ఇంకొక్క రోజు రాకపోతే ఇక రావద్దని వాళ్ల సూపర్‌వైజరు చెప్పేశాడు. ఉద్యోగం పోతే ఈ ఆసుపత్రిలో పిడుగుకి వైద్యం చేయించే కార్డూ పోతుంది.

శుక్రవారం పొద్దున వాడు యార్డుకి వెళ్లి గంటలో తిరిగొచ్చాడు.

"అప్పుడే తిరిగేశావా అన్నిటి చుట్టూ?" అన్నాను.

"తిరిగేశానక్కా" అన్నాడు. నా కళ్లలోకి చూడలేదు. నేనూ గుచ్చి అడగలేదు. మైనస్ పద్దెనిమిది ఎప్పుడూ మైనస్ పద్దెనిమిదే కదా అని, పనులున్నప్పుడు నాలుగు రోజుల అంకెలు ఒకేసారి రాసి తగిలించేయడం యార్డులో అందరూ చేసేదే. ఎవరినైనా కడిగేసే నేను ఆ రోజు నోరు మూసుకున్నాను. సోమవారం సాయంత్రం పిడుగు గట్టిగా ఒక దగ్గు దగ్గి, కళ్లు తెరిచి, "అత్తా, ఆకలేస్తోంది" అంది. అది దగ్గాక ఆకలంటే గండం గడిచినట్టే. ప్రతిసారీ అంతే.

మరో వారానికి మా కంటైనర్ ఒకటి ఓడ ఎక్కాల్సి ఉంది. పిడుగుని ఆసుపత్రికి తెచ్చిన ఆ గురువారమే యార్డుకి చేరింది, ఓడ ఆలస్యమై అక్కడే చివరి వరసలో ఉండిపోయింది. లోపల ఎర్రకండ చేప. ఎక్కించే ముందు ఎగుమతి అధికారి తలుపు తీయించి చూస్తానన్నాడు. మేనేజరు నన్ను తీసుకెళ్లాడు. ఆయనా అధికారీ క్యాంటీన్లో టీ తాగుతుంటే, ఈలోగా సీలు తీయించి ఉంచమని నన్ను పంపించారు.

తలుపు తీశాను. తెల్లటి చలి పొగ కాళ్ల మీదుగా జారింది. బయట అంకె మైనస్ పద్దెనిమిదిన్నర చూపిస్తోంది. పెట్టెలు రాయిలా ఉన్నాయి. డబ్బా నా ఎత్తులోనే ఉంది. అందుకుని చూశాను.

గడ్డ మీద నట్టు లేదు. ముందు ఊడిపడిందేమో అనుకున్నాను. డబ్బాని వెలుగులోకి తిప్పాను. స్వచ్ఛమైన గడ్డ లోపల, డబ్బా అడుగున, పచ్చగా కనిపించింది.

కంటైనర్ పక్కన అట్ట వేలాడుతోంది. కాగితం తీసి చూశాను. శుక్రవారం, శనివారం, ఆదివారం, సోమవారం. మా తమ్ముడి రాత. ఒకే పెన్ను, ఒకే వాలు, పదహారు అంకెలు. వాడు ఆ అంకెలు చూశానని రాసిన వేళల్లో వాడు నా భుజం మీద తల పెట్టుకుని ఈ బల్ల మీద కునికిపాట్లు పడుతున్నాడు.

ఈ కంటైనర్ ఆ నాలుగు రోజుల్లో ఎంతకాలం మోగకుండా ఎండలో పడి ఉందో నాకు తెలియదు. గడ్డ పూర్తిగా కరిగేంతకాలం. అది చాలు.

క్యాంటీన్ తలుపు చప్పుడైంది. ఇద్దరూ మాట్లాడుకుంటూ వస్తున్నారు. మధ్యలో ఆరు వరసలున్నాయి. నట్టు చూపిస్తే సరుకు ఆగిపోతుంది. సరుకు ఆగితే కాగితం బయటికొస్తుంది. కాగితం బయటికొస్తే వాడి ఉద్యోగం, కార్డు, పిడుగు. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది. నాకు అంతకన్నా ఎక్కువ ఆలోచన రాలేదు, వచ్చిందని ఇప్పుడు చెబితే అబద్ధం.

డబ్బాని రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా రుద్దాను. చర్మం అంటుకుని చిరిగింది. తలుపు అంచుకి రెండుసార్లు కొట్టాను. గడ్డ కదిలి చేతిలో పడింది. దాన్ని తలకిందులు చేసి మళ్లీ డబ్బాలోకి జార్చాను.

అడుగున ఉన్న నట్టు పైకొచ్చింది.

మేనేజరు వచ్చి, అధికారికి పెద్ద విద్య చూపిస్తున్నట్టు డబ్బా వైపు వేలు పెట్టాడు. "మా దగ్గర ఇదండీ పద్ధతి. ఏమ్మా, నట్టు పైనే ఉందా?"

"పైనే ఉంది సార్" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. దానికే నాకు భయం వేసింది.

కొత్త సీలు పడింది. చేతులు జేబులో దాచుకుని వెనక్కి వస్తుంటే యార్డు ఎలక్ట్రీషియను ఎదురయ్యాడు. "మేడమ్, మొన్న సెలవుల్లో ఆ చివరి వరసకి ఫ్యూజు కొట్టేసింది. సోమవారం సాయంత్రం చూసి నేనే వేశా. ఎప్పుడు పోయిందో ఏమో. మీ సరుక్కేం కాలేదు కదా?" అన్నాడు.

"నట్టు పైనే ఉంది" అన్నాను.

"హమ్మయ్య" అని వెళ్లిపోయాడు. నా మాట మీద అంత నమ్మకం.

తమ్ముడికి చెప్పలేదు. చెబితే ఆ వెర్రిబాగులవాడు నేరుగా వాళ్ల సూపరు దగ్గరికి పోయి ఒప్పేసుకుంటాడు. వాడి ఒంట్లో అబద్ధం ఒక పూటకన్నా నిలవదు. నాది గట్టి ఒళ్లు కదా, నేనే మోద్దామనుకున్నాను.

ఓడ ముప్పై ఒక్క రోజుల ప్రయాణం. ఆ ముప్పై ఒక్క రోజులూ తేలు కుట్టిన దొంగలా తిరిగాను. అరవడానికి లేదు, ఆపుకోవడానికి లేదు. ఎవరో ముక్కూమొహం తెలియని దేశంలో, ఎవరో తల్లి, ఎవరో బిడ్డకి పళ్లెంలో వడ్డిస్తున్నట్టు పట్టపగలే కనిపించేది. అరచేతుల మీద కొత్త చర్మం వచ్చింది, గులాబీ రంగులో. చూసుకోలేక పనిలో లేనప్పుడు కూడా చేతి తొడుగులు వేసుకునేదాన్ని. మంచుగడ్డకి చలేస్తోందని ప్యాకింగు ఆడపిల్లలు నవ్వుకున్నారు.

ముప్పై ఎనిమిదో రోజున మేనేజరు పిలిచాడు. "ఆ సరుకు వాళ్లు తీసుకోలేదమ్మా. వెనక్కి పంపుతున్నారు. కాగితాల్లో ఏదో తేడా అట" అన్నాడు. కాగితాల్లో తేడా కాదని ఆయన కళ్లే చెబుతున్నాయి. వాళ్లు పరీక్ష చేసి ఉంటారు. ఆయన పరువు కోసం ఆయన ఒక మాట దాచాడు, నా వాళ్ల కోసం నేనొక మాట దాచాను.

నేను ఆ రోజు బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను. సంతోషంతోనే. ఎవరూ తినలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంకెప్పుడూ ఇలాంటి పని చేయనని ఒట్టేసుకున్నాను.

కంటైనర్ మళ్లీ సముద్రం దాటి పోయిన వారం తిరిగొచ్చింది. సరుకంతా ఎరువుల ఫ్యాక్టరీకి పంపేస్తున్నామని మేనేజరు చెప్పాడు. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే చెప్పాడు. దగ్గరుండి చూడాల్సింది నేనే. వెళ్లలేదు. ఆ తలుపు ముందు మళ్లీ నిలబడే ధైర్యం లేక, తలనొప్పని చెప్పి ఇంటికి పోయాను. తలుపు వాటా సంగతి నాకు గుర్తే రాలేదు. పాతికేళ్లుగా వింటున్న సంగతి.

ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం భోజనానికి రమ్మని మరదలు కబురు పెట్టింది. వెళ్లేసరికి ఇంట్లో కూర వాసన కమ్మగా ఉంది. మరదలు కంచాలు తుడుస్తోంది. పిడుగు గచ్చు మీద కూర్చుని బొమ్మకి పాఠం చెబుతోంది.

"ఆకలి ఆకలని చంపుతుంటే దీనికి ముందే పెట్టేశాను వదినా. రెండుసార్లు వేయించుకుంది. ముళ్లు లేని చేపంటే చాలు, మనిషి కాదిది" అంది మరదలు.

"అత్తా, ఇటు చూడు" అంది పిడుగు. మెళ్లో గొట్టం పక్కన అదే దారానికి కొత్తగా ఏదో వేలాడుతోంది. వేళ్లతో పట్టుకుని చూపించింది.

ఇత్తడి నట్టు.

వంగి దాన్ని పట్టుకున్నాను. "ఇదెక్కడిదే?"

"నాన్న తెచ్చాడు. చేపల పెట్టె మీద ఉందట. నీదేనట కదా."

తమ్ముడు పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "నీ సరుకేనక్కా, తిరిగొచ్చింది. కాగితాల తేడా అట. ఎరువుకి పోస్తున్నారు, ఎంత పాపం! తలుపు నేనే తీశాను. వాళ్లూ వీళ్లూ ఎరువుకి పోయేది మనకెందుకులే అన్నారు. నేను మాత్రం ముందు నీ డబ్బా చూశాను. నట్టు పైనే ఉంది. మా అక్క చూసిన సరుక్కి తిరుగేముందని రెండు పెట్టెలూ తెచ్చేశా."

నా కళ్లు వాడి మీద లేవు. పిడుగు మొహం మీద ఉన్నాయి. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. నోటి చుట్టూ ఇంకా ఎరుపు. మెడ గీరుకుంటోంది. బొమ్మకి చెబుతున్న పాఠంలో మాటకీ మాటకీ మధ్య చిన్న ఈల లాంటి చప్పుడు వస్తోంది.

"ఎంతసేపైంది తిని?" అని అరిచాను.

"అరగంట..." అంటూ మరదలు గరిటె కింద పెట్టింది.

"అత్తా..." అంది పిడుగు. తర్వాత మాట రాలేదు.

ఆటోలో దాని గొట్టం నాలుగుసార్లు నొక్కాం. ఆసుపత్రిలో తెర వెనక్కి తీసుకుపోయి మొహానికి ముసుగు పెట్టారు. మరదల్ని లోపల ఉండనిచ్చారు. మమ్మల్నిద్దర్నీ ఈ బల్ల మీద కూర్చోబెట్టారు. కాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది.

"ఎప్పుడూ వచ్చే ఆయాసమే అనుకుని మందిచ్చాం. తగ్గడం లేదు. ఒంటి నిండా దద్దుర్లున్నాయి. ఏం తిన్నది?"

"చేప డాక్టరుగారూ. ఇదివరకు ఎన్నోసార్లు తిన్నదే" అన్నాడు తమ్ముడు.

"ఆ చేప ఎక్కడైనా కరిగి, మళ్లీ గడ్డకట్టిందా? సరిగ్గా తెలిస్తే చెప్పండి. అదయితే మందు వేరు. ఊహించి వేసే టైము లేదు."

"లేదండీ" అన్నాడు వాడు వెంటనే. "మా అక్క చేతి మీదుగా వెళ్లిన సరుకు. నేను చూసే తెచ్చాను. కరిగితే నట్టు మునుగుతుంది. పైనే ఉంది."

డాక్టరమ్మకి నట్టేమిటో తెలియదు. నా వైపు చూసింది. తెర కింద నుంచి మరదలి కాళ్లు కనిపిస్తున్నాయి, ఒక చోట నిలవకుండా.

"కరిగింది" అన్నాను. "ఎండల్లో కరెంటు లేదు, ఎన్ని రోజులో సరిగ్గా తెలియదు. తర్వాత మళ్లీ గడ్డకట్టింది. తలుపు దగ్గరి పెట్టెలు, అన్నిటికన్నా ఎక్కువ వేడి తగిలినవి అవే. ఎర్రకండ చేప."

డాక్టరమ్మ ఇంకేమీ అడగకుండా తెర వెనక్కి పరుగెత్తింది. ఎవరినో సూది తెమ్మని కేకేసింది.

తమ్ముడు నా వైపు తిరిగాడు. వాడికి ఇంకా అర్థం కాలేదు. "నట్టు పైనే ఉంది కదక్కా. నా కళ్లతో చూశాను."

"నేనే తిప్పాన్రా గడ్డని."

యార్డు, సెలవులు, ఆ కాగితం, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వాడి మొహంలోకి రావడం చూశాను.

"ఎందుకు?" అన్నాడు చివరికి.

"నీ ఉద్యోగం పోతుందని."

"పోతే పోయేది కదక్కా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అక్కడ నుంచి లేచి వెళ్లి బల్లకి ఆ చివర కూర్చున్నాడు.

లోపలికి తీసుకెళ్లేటప్పుడు నర్సు తీసి ఇచ్చిన దారం వాడి చేతిలోనే ఉంది, గొట్టమూ నట్టూ రెండూ దానికే. సూది వేసి పావుగంట అయింది. తెర వెనక మిషను చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. పిడుగు ఒక్కసారి దగ్గి ఆకలంటుందేమోనని ఇద్దరం చెవులు అటే పెట్టి కూర్చున్నాం.